లారీ ఒకటి, అంచెలు నాలుగు

చిత్తూరులోని ఒక మామిడి గుజ్జు కర్మాగారానికి కొనుగోలు లెక్కల అప్లికేషన్ రాస్తున్నప్పుడు, ఒక లారీ, అందులో పలువురు రైతుల సరుకు, ఒక్కొక్కరికి తోతాపురి, నీలం వంటి రకాలు, ఒక్కొక్క రకానికి కొన్ని తూకాలు అన్న అంచెల సమాచారాన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఫంక్షన్‌కు (డేటాబేస్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాంకు) ఎలా అందించాలన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది.

మొదట ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అని పనులను కలిపి కట్టే పద్ధతి) లేకుండా తూకానికొకసారి ఫంక్షన్‌ను పిలిచాను. మధ్యలో కనెక్షన్ తెగితే సగం లారీయే నమోదయ్యేది. తరువాత అర్రేలో (విలువల వరుస జాబితాలో) అర్రే పెట్టి చూశాను. లోపలి అర్రేల పొడవులు సమానంగా లేకపోతే పోస్ట్‌గ్రెస్ అంగీకరించదు, రైతులందరికీ తూకాల సంఖ్య ఒకేలా ఉండదు కదా! పైగా అర్రేను వరుసలుగా విప్పే అన్‌నెస్ట్ ఫంక్షన్ అంచెలన్నిటినీ చదును చేసి, ఏ తూకం ఎవరిదో తెలియకుండా చేస్తుంది.

చివరకు 2014లో పోస్ట్‌గ్రెస్ 9.4 వెర్షన్‌తో వచ్చిన జేసన్‌బీ అనే, అంచెల సమాచారాన్ని పేర్లతో సహా పట్టుకునే డేటా రకాన్ని ఆశ్రయించి, లారీ మొత్తాన్ని ఒకే పారామీటర్‌గా పంపి, ఫంక్షన్ లోపల జేసన్‌బీ_టు_రికార్డ్‌సెట్ అనే సిద్ధ ఫంక్షన్‌తో ఒక్కొక్క అంచెను వరుసలుగా విప్పాను. ఇప్పుడు నమోదైతే లారీ అంతా నమోదవుతుంది, లేకపోతే ఏదీ కాదు.

అయితే ఈ పద్ధతి మౌనంగా మోసం చేయగలదు. అప్లికేషన్ పంపిన తూకం ఫీల్డు పేరులో ఒక అక్షరం పెద్దబడిలో (క్యాపిటల్‌గా) ఉండి, నేను ఫంక్షన్‌లో రాసిన పేరుతో సరిపోలకపోవడంతో, ఆ నిలువు వరుస ఎటువంటి ఎర్రరూ లేకుండా నల్‌గా, అంటే విలువ లేనిదిగా, వచ్చింది. నల్‌ను సున్నాగా మార్చే నా అతిజాగ్రత్త వల్ల ఒక రైతు రశీదులో సున్నా కిలోలు అచ్చయింది. ఆయన దానిని నా ముందు పెట్టి, "లారీ ఖాళీగా వచ్చిందా నాయనా?" అని అడిగారు. ఆ సాయంత్రమే ఆ మార్పిడిని తీసివేసి, తూకం నిలువు వరుసకు విలువ లేకపోతే నమోదును తిరస్కరించే నాట్ నల్ నిబంధన పెట్టాను.