కాల్చకుండా ఆపిన కాగితాలు

అమెరికా చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్‌కి చెందిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో ఒక ఆఫీసు కుర్రాడుండేవాడు. నెలనెలా పాత కాగితాలు తగలబెట్టడం అతని పని. ఓ రాత్రి కాగితాలు మంటలో వెయ్యబోతుంటే తెలిసిన పేరొకటి కంటబడింది. ఆదివారాలు తనకి బైబిలు పాఠాలు చెప్పే మాస్టారి పేరు. ఆయనదీ చమురు వ్యాపారమే, చిన్నది. ఆయన సరుకు ఎప్పుడు, ఎక్కడికి వెళ్తోందో రైల్వే గుమాస్తాలు కంపెనీకి చేరవేస్తున్నారని అందులో ఉంది. కుర్రాడు వాటిని తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టాడు, అవి తిరిగి తిరిగి ఐడా టార్బెల్ అనే పత్రికా రచయిత్రి బల్ల మీదికొచ్చాయి.

ఐడా 1857లో పెన్సిల్వేనియాలో పుట్టింది. నాన్న చమురు నిలవ చేసే చెక్క ట్యాంకులు చేసేవాడు. రాత్రిళ్లు ఇంటికొచ్చి ఆ రోజు చూసిన తమాషాలు చెప్పడం, ఐడా చెల్లెలికి పాటలు పాడటం ఆయన అలవాటు. 1872లో అవన్నీ ఆగిపోయాయి. రైల్వే కంపెనీలు, రాక్‌ఫెల్లర్ వర్గం కలిసి రహస్యంగా ఒప్పందం చేసుకున్నాయి: అందరికీ కిరాయి పెంచుతారు, తమవాళ్లకి మాత్రం కొంత వెనక్కిస్తారు. అక్కడితో ఆగితే మామూలు మోసమే అనుకోవచ్చు, కానీ నువ్వు నీ సరుకుకి కట్టే కిరాయిలోంచి కూడా కొంత తీసి నీ పోటీదారుడి జేబులో వేస్తారు! గొడవలు లేచి ఒప్పందం రద్దయింది గానీ, ఈలోపే క్లీవ్‌లాండ్‌లో ఉన్న 26 రిఫైనరీల్లో 22 రాక్‌ఫెల్లర్ చేతికి వెళ్లిపోయాయి.

ముప్ఫై ఏళ్ల తర్వాత మెక్‌క్లూర్స్ పత్రికకి ఆ కథ రాస్తానంటే నాన్నే వద్దన్నాడు, వాళ్లు మీ పత్రికని నాశనం చేస్తారని. ఆమె వినలేదు. ఆ ఒప్పందం మీద పాత రోజుల్లో వచ్చిన కరపత్రం ఎక్కడా దొరక్కపోతే వెతికి వెతికి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పట్టుకుంది. నేను మండల విలేకరిగా చేసిన రెండేళ్లలో ఒక ఆఫీసులో "ఫైలు దొరకట్లేదండీ, సోమవారం రండి" అంటే నాలుగు సోమవారాలు తిరిగి మానేశాను, అందుకే ఈ కరపత్రం సంగతి నాకు బాగా గుచ్చుకుంది.

ఐడా పనిలో మారువేషాలు లేవు, కోర్టు రికార్డులు, పాత విచారణల సాక్ష్యాలు కూర్చుని చదవడమే. కంపెనీ పెద్దల్లో ఒకడైన హెన్రీ రోజర్స్‌ని (మార్క్ ట్వేన్ మధ్యవర్తిత్వంతో) దాదాపు రెండేళ్లు మామూలుగానే కలుస్తూ వచ్చింది. ఆ కుర్రాడి కాగితాల సంగతి అచ్చయ్యాక మాత్రం ఆయన మొహం కోపంతో తెల్లగా పాలిపోయింది, ఇది నీకెక్కడిదని నిలదీశాడు. ఆమె చెప్పలేదు, ఆ కలవడాలూ అక్కడితో సరి.

1902 నవంబరు నుంచి ఆ కథ మెక్‌క్లూర్స్‌లో 19 భాగాలుగా వచ్చింది. రాక్‌ఫెల్లర్ టార్బెల్ అన్న ఇంటిపేరుని వంకర తిప్పి ఆమెకి 'టార్ బ్యారెల్', అంటే 'తారు పీపా' అని పేరు పెట్టాడట. నాకు నచ్చనిది 1905లో ఆయన మీద రాసిన వ్యక్తిచిత్రం. జబ్బుతో జుట్టు మొత్తం రాలిపోయిన మనిషిని చర్చిలో కూర్చుని గమనించి, ఆ మొహాన్ని వర్ణించి, అందులో దుర్మార్గం చూపించబోయింది. అన్ని రుజువులు చేతిలో ఉన్నాక మొహంతో ఏం పని?

1911లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీని 34 ముక్కలు చెయ్యమంది. ఆ ముక్కల షేర్లు పెరిగి, అప్పటికే రిటైరైపోయిన రాక్‌ఫెల్లర్ అంతకు ముందుకన్నా ధనవంతుడయ్యాడు.