గుల్లలు పట్టిన ఓడ, మావయ్య లారీ

మా మావయ్యకి గాజువాకలో రెండు లారీలున్నాయి. పోర్టులోంచి బొగ్గు తోలతాయి. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు గారెలు తింటూ అడిగాడు. "ఏటమ్మా, సింగపూర్‌లో నువ్వు చేసే ఉద్యోగమేటో నాకిప్పటికీ బోధపడలేదు. ఓడ మీది కాదంటావు. సరుకూ మీది కాదంటావు. మరి మీకు జీతం దేనికిస్తన్నారు?"

పదకొండేళ్లుగా ఓడల ఆపరేషన్స్‌లో పనిచేస్తున్నాను. ఈ ప్రశ్నకి ఇంట్లో ఒక్కళ్లకీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు మాత్రం వాకిట్లో ఆగి ఉన్న లారీ కనపడింది.

"నీ రెండో లారీని కాంట్రాక్టరుకి నెలవారీగా ఇచ్చావు కదా మావయ్యా. ఎలా ఇచ్చావు?"

"డ్రైవరూ క్లీనరూ మనోళ్లు. ఆళ్ల జీతాలు, రిపేర్లు, ఇన్సూరెన్సు మనవే. డీజిలు ఆయన కొట్టించుకోవాలి. టోల్ గేట్లూ ఆయనవే. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోద్ది."

"ఓడని అలా ఇస్తే దాన్నే టైమ్ చార్టర్ అంటారు."

మొదటి లారీ ట్రిప్పుకి టన్నుకింత అని తిరుగుతుంది. అది వాయేజ్ చార్టర్. డ్రైవర్ కూడా లేకుండా ఉత్త బండి తాళం చేతికిచ్చేస్తే బేర్‌బోట్. మా కంపెనీ చేసేదేమిటంటే, ఓనర్ దగ్గర ఓడని రోజుకింత అని తీసుకుని, సరుకున్నవాళ్లకి టన్నుకింత అని తిప్పుతుంది. మధ్యలో మిగిలిన దాంట్లోంచి నా జీతం. ఓడ అనుకున్నదానికన్నా నాలుగు రోజులు ఎక్కువ తిరిగితే ఆ మిగులు కాస్తా పోతుంది. వాయేజ్ చార్టర్‌లో ఆలస్యమైతే, డెమరేజ్ (గడువు దాటితే సరుకువాళ్లు కట్టే ఆలస్యపు రుసుము) మొదలయ్యేదాకా ఆ బాధ ఓనర్ది. టైమ్ చార్టర్‌లో మీటర్ తిరుగుతూనే ఉంటుంది. వాన కురిసినా, రేవులో క్యూ ఉన్నా, కూలీలు సమ్మె చేసినా రోజు అద్దె రోజు అద్దే. నా ఉద్యోగమంతా ఆ మీటర్ ఎప్పుడు ఆగుతుందో చూసుకోవడమే.

ఒప్పందాన్ని చార్టర్ పార్టీ అంటారు. "ఏ పార్టీ?" అన్నాడు మావయ్య. రెండుగా చీల్చిన కాగితం అనే అర్థమున్న పాత లాటిన్ మాటలోంచి వచ్చింది. ఇద్దరి దగ్గరా చెరో ముక్క ఉండేదట. ఇప్పుడైతే పీడీఎఫ్‌లు. బొగ్గు, ధాన్యం, ఖనిజం మోసే ఓడలకి ఎక్కువగా వాడేది న్యూయార్క్ ప్రొడ్యూస్ ఎక్స్ఛేంజ్ ఫారం. మేం నైప్ అంటాం. 1913లో పుట్టింది. 1993లో, 2015లో కొత్తవి వచ్చినా మా బల్లల మీదికి ఇంకా 1946 నాటిదే వస్తుంది. అచ్చులో ఉన్న మాటల్లో సగం గీతలు కొట్టేసి, వెనకాల వంద దాకా రైడర్ క్లాజులు, అంటే అదనపు షరతులు, అతికిస్తారు. పాత ఇంటికి రేకుల షెడ్లు వేసుకుంటూ పోయినట్టు ఉంటుంది. అయినా దాన్ని వదలరు. అందులోని ప్రతి మాట మీదా ఎవరో ఒకరు లండన్‌లో కొట్లాడి తీర్పు తెచ్చుకున్నారు. దేనికి ఏమర్థమో అందరికీ తెలుసు.

అద్దెని హైర్ అంటాం. పదిహేను రోజులకోసారి, ముందుగానే కట్టాలి. కట్టకపోతే ఓడని వెనక్కి తీసుకునే హక్కు ఓనర్‌కి ఉంటుంది.

చేరిన రెండో ఏడు నేను ఇందులోనే ఇరుక్కున్నాను. ఒక ఓడ హైర్ నవంబర్ నాలుగో గురువారం కట్టాలి. గురువారం కట్టాలి కదా అని గురువారమే పేమెంట్ పెట్టాను. సింగపూర్ సెలవులు చూసుకున్నాను, ఇండియావి కూడా చూసుకున్నాను. డాలర్లు న్యూయార్క్ మీదుగా పోతాయనీ, ఆ రోజు అక్కడ థ్యాంక్స్‌గివింగ్ అనీ తట్టలేదు. డబ్బు కదల్లేదు. రాత్రి పదకొండుకి ఓనర్ల బ్రోకర్ నుంచి ఒకే ఒక్క లైను మెయిల్ వచ్చింది, హైర్ అందలేదని. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. మా ఒప్పందంలో గ్రేస్ క్లాజు ఉంది కాబట్టి బతికిపోయాను. నోటీసిచ్చి మూడు బ్యాంకు రోజులు ఆగాకే ఓడని లాక్కోవాలి. మర్నాడు మా బాస్ తిట్టలేదు. లకోనియా అనే ఓడ మీద వచ్చిన తీర్పు చేతిలో పెట్టి చదవమన్నాడు. తిట్టినా బాగుండేది.

లకోనియా కథ 1970 నాటిది. హైర్ కట్టాల్సిన రోజు ఏప్రిల్ 12, ఆదివారం. శని, ఆదివారాలు బ్యాంకులు లేవు. ఓడని అద్దెకి తీసుకున్న చార్టరర్లు సోమవారం కట్టారు. ఓనర్లు డబ్బు వెనక్కి పంపి ఓడని తీసేసుకున్నారు. అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్తే 1977లో ఓనర్లదే న్యాయమన్నారు. ఆదివారం కట్టాల్సింది శుక్రవారమే కట్టాలి తప్ప సోమవారం దాకా ఆగడానికి వీల్లేదు, ఆలస్యంగా కట్టినంత మాత్రాన తప్పు మాసిపోదు అని. ఇలాంటి దెబ్బ తగలకూడదనే ఈ గ్రేస్ క్లాజులు రాసుకుంటారు. అద్దె ఒక రోజు ఆలస్యమైతే ఏ ఓనరూ ఊరికే ఓడని లాక్కోడు, బయట రేటు పెరిగి ఉంటేనే లాక్కుంటాడు. బొగ్గు, ఖనిజం లాంటివి మోసే ఓడల రేట్లు చెప్పే సూచీ, బాల్టిక్ డ్రై ఇండెక్స్, 2008 మే నెలలో 11,793, అదే ఏడు డిసెంబర్‌లో 663. ఇంతలా ఊగే మార్కెట్‌లో పాత రేటుకి ఓడ ఇచ్చినవాడు మీరు క్యాలెండర్ చూసుకోని రోజు కోసం కాచుకుని ఉంటాడు.

"మరి బండి చెడితే?" అన్నాడు మావయ్య. ఎవరైనా ముందు అడిగేది ఇదే.

చెడితే మీటర్ ఆగుతుంది, దాన్ని ఆఫ్-హైర్ అంటాం. కానీ ఏది చెడినా ఆగదు. క్లాజులో రాసుకున్న కారణం అయ్యుండాలి, ఆ కారణంతో ఓడ అప్పుడు చేయాల్సిన పని ఆగి ఉండాలి, దానివల్ల నిజంగా టైము పోయి ఉండాలి. 1891 నాటి వెస్ట్‌ఫాలియా కేసు ఇప్పటికీ చెప్పుకుంటాం. నడిసముద్రంలో ఇంజన్ చెడి ఓడ లాస్ పాల్మాస్ చేరింది. అక్కడినుంచి టగ్గు సాయంతో జర్మనీలో హార్బుర్గ్ దాకా లాక్కొచ్చారు. లాక్కొచ్చిన రోజులకి అద్దె లేదన్నారు. హార్బుర్గ్‌లో సరుకు దింపిన రోజులకి మాత్రం అద్దె కట్టాలన్నారు. ఇంజన్ అప్పటికీ బాగవలేదు, కానీ దింపడానికి కావలసిన ఆవిరి వించీలు పనిచేశాయి కదా! సోమాలీ దొంగలు 2009లో సాల్దాన్హా అనే ఓడని రెండు నెలలు పట్టుకెళ్లినప్పుడు కూడా చార్టరర్లు అద్దె ఎగ్గొట్టలేకపోయారు. దొంగలు ఎత్తుకుపోవడం ఆ క్లాజులోని ఏ మాట కిందకీ రాలేదు.

నాదీ ఒక చిన్న కేసుంది. నాలుగు క్రేన్ల ఓడ, రోజుకి 14,000 డాలర్లు. ఒక క్రేన్ 18 గంటలు ఆగింది. పద్దెనిమిది గంటల అద్దె 10,500, అందులో నాలుగో వంతు 2,625. హాయిగా కోసేసి స్టేట్‌మెంట్ పంపాను. ఓనర్ తరఫు కుర్రాడు, ఏ గంటలో ఏం జరిగిందో రేవులో రాసిన స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ తిరిగి నాకే పంపాడు. ఒక లైను కింద పసుప్పచ్చ గీత. ఆ 18 గంటలూ రేవు ఇచ్చింది మూడు గ్యాంగులే, అంటే మూడు కూలీల జట్లే. నాలుగో క్రేన్ బాగున్నా ఖాళీగానే ఉండేది. పోయిన టైము సున్నా. 2,625 వెనక్కి కట్టాను. అప్పట్నుంచి గ్యాంగుల లెక్క చూడకుండా ఏ క్రేన్ క్లెయిమూ పెట్టను.

కెప్టెన్ సంగతి ఇంకా తమాషా. జీతమిచ్చేది ఓనర్, ఆర్డర్లిచ్చేది మేం. ఎక్కడికి వెళ్లాలి అన్నది మా మాట, ఓడని క్షేమంగా నడపడం ఆయన మాట. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ? హిల్ హార్మొనీ అనే ఓడని 1994లో వాంకూవర్ నుంచి జపాన్‌కి దగ్గరి ఉత్తర దారిన వెళ్లమన్నారు. అంతకుముందు ఆ దారిలో తుఫాను దెబ్బ తిన్న కెప్టెన్ దక్షిణంగా చుట్టు తిరిగి వెళ్లాడు. ఒక ట్రిప్పులో ఆరు రోజులకు పైగా ఎక్కువ పట్టింది. ఓడకి నిజంగా ప్రమాదం ఉందని చూపిస్తే తప్ప దారి ఎంచుకోవడం చార్టరర్ల ఆర్డరే అని లార్డ్స్ తేల్చారు. "మా డ్రైవరూ అంతే, అనకాపల్లి మీదుగా పొమ్మంటే సబ్బవరం మీదుగా పోతాడు" అన్నాడు మావయ్య. అదీ ఇదీ ఒకటి కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

నేను అసలు చెప్పాలనుకున్న కేసు మన ఊరిది.

కిట్సా అని ఒక ఓడ. నైప్ ఫారం మీద టైమ్ చార్టర్‌లో ఉంది. చార్టరర్లు విశాఖపట్నం వెళ్లమన్నారు. వెళ్లింది. రేవులో 22 రోజులు ఉండిపోయింది. మన నీళ్లు గోరువెచ్చన, ఓడ కదలదు, ఇంకేం కావాలి? అడుగంతా బార్నకిల్స్ పట్టేశాయి. అవే, చేపల రేవులో పడవల్ని ఒడ్డుకి లాగి గీకుతారు చూడండి, ఆ గుల్లలు. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు విశాఖ రేవులో ఏ గుల్ల ఏ నెలలో అంటుకుంటుందని 1950లలోనే పరిశోధనలు చేశారు. గుల్లలు పట్టిన ఓడ గోనెసంచి కట్టుకుని ఈదుతున్నట్టే. స్పీడు పడిపోతుంది, ఆయిలు ఎక్కువ తాగుతుంది.

ఓనర్లు ఏమన్నారంటే: మీ ఆర్డర్ ప్రకారమే కదా వెళ్లాం, మీ ఆర్డర్ పాటించడం వల్ల వచ్చిన నష్టం మీరే భరించాలి, శుభ్రం చేసిన ఖర్చూ పోయిన టైమూ మీవే. వినడానికి న్యాయంగానే ఉంది. ఆర్డర్ పాటించి నష్టపోయిన ఓనర్‌కి చార్టరర్ పూడ్చాలన్న సూత్రం నిజంగానే ఉంది. కానీ తగాదా విన్న లండన్ ఆర్బిట్రేటర్లు (మధ్యవర్తులు) ఒప్పుకోలేదు. 2005లో ఇంగ్లండ్ హైకోర్టు జడ్జి ఐకెన్స్ కూడా వాళ్లనే సమర్థించాడు. ఒప్పందం ప్రకారం విశాఖ వెళ్లవచ్చు. వెచ్చని నీళ్ల రేవులో కొన్నాళ్లు నిలబడితే గుల్లలు పడతాయని సంతకం పెట్టేటప్పుడే ఎవరికైనా తెలుసు. తెలిసి ఒప్పుకున్న మామూలు రిస్కు ఓనర్దే, రోజు అద్దెలో అదీ కలిసే ఉంటుంది.

చార్టరర్ల వైపు ఉద్యోగం చేసే నాకు ఈ తీర్పు నచ్చుతుంది. నిజం చెప్పాలంటే, ఓనర్‌ని కొంచెం గట్టిగా నొక్కేశారనే అనిపిస్తుంది. ఆ 22 రోజులూ ఎక్కడ గడపాలో అతను అనుకోలేదు, మేం అనుకుంటాం. కాకపోతే మీటర్ మొత్తం మా నెత్తిన పెట్టుకున్నాక అడుగున పట్టిన గుల్లలూ మావే అంటే ఓనర్ మోసేదేముంటుంది? ఈ తగాదా తెగక 2013లో ఓడల వ్యాపారుల అంతర్జాతీయ సంఘం బిమ్కో వాళ్లు విడిగా ఒక క్లాజు రాశారు. ఉష్ణమండల రేవుల్లో ఇన్ని రోజులు దాటి నిలబెడితే శుభ్రం చేయించడం చార్టరర్ల ఖర్చు అని. ఎన్ని రోజులన్నది ఇద్దరూ అనుకుని రాసుకోవాలి. ఖాళీగా వదిలేస్తే 15 అనుకోవాలి. ఆ లెక్కన కిట్సా కథ తిరగబడేది. మా దగ్గరికి ఇప్పుడు వచ్చే ఫిక్చర్లలో (ఓడ ఒప్పందాల్లో) నేను ముందు వెతికేది ఆ అంకెనే. విశాఖ, పారాదీప్ లాంటి రేవులుంటే 25 అయినా అడగమని మా చార్టరింగ్ వాళ్ల ప్రాణం తీస్తాను.

ఇదంతా మావయ్య చాలా శ్రద్ధగా విన్నాడు. ఓడల మీద ఇంత ఆసక్తేమిటా అనుకున్నాను. చేతులు కడుక్కొచ్చి, లారీ క్యాబిన్‌లోంచి కాంట్రాక్టరుతో రాసుకున్న కాగితం తెచ్చాడు. ఉప్పుగాలిలో పోర్టు యార్డులో రోజుల తరబడి నిలబెట్టేస్తున్నారట, బ్యాటరీలు చచ్చిపోతున్నాయట, బాడీ తుప్పు పడుతోందట.

"ఆ బిమ్కోవోళ్ల ముక్క ఇందులో రాయమ్మా. పదిహేను కాదు, మూడు రోజులని రాయి."