ఆవ పెట్టే కూరకి కాటా

విజయనగరం, శ్రీకాకుళం వైపు వంటల్లో చాలావరకు కంటి కొలత సరిపోతుంది. ఆవ దగ్గరే కుదరదు. పనసపొట్టుకైనా కంద బచ్చలికైనా తగ్గితే ఆవ పెట్టినట్టే ఉండదు, మించితే చేదు. అరకిలో పనసపొట్టుకి 10 గ్రాముల ఆవాలు వెయ్యండి. ఘాటైన చిన్న ఆవాలైతే 8 చాలు.

చెంచాతో కొలవొచ్చు కదా అంటే, ఏ చెంచా? కొలత చెంచా 5 మిల్లీలీటర్లు. పోపులపెట్టెలోది అందులో సగం ఉంటే గొప్ప. కొలత చెంచాని తలకొట్టి తూచినా ఆవాలు 3 నుంచి 4 గ్రాములు, పసుపు 3, కారం రెండున్నర, మెత్తటి ఉప్పు 6 వరకూ తూగుతాయి. ఆ కారమే డబ్బాలో అణిగి ఉంటే ఇంకాస్త బరువు. రోజూ తూచే ఓపిక లేకపోతే మీ చెంచాతో పది చెంచాలు ఒకేసారి తూచి పదితో భాగించి, ఆ అంకె డబ్బా మూత మీద రాసి పెట్టుకోండి.

వంటింటి కాటాతో ఒక తంటా ఉంది. సున్నా దగ్గర చిటికెడు చిటికెడు వేస్తూ పోతే, ఆ కాస్త బరువుని అది లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ సున్నాకే సర్దుకుంటుంది. ఆవాలు పడుతూనే ఉంటాయి, అంకె కదలదు. అందుకని డబ్బానే కాటా మీద పెట్టి సున్నా చేసి, చెంచాతో ఒక్కసారి తీయండి. మైనస్‌లో కనిపించేదే మీరు తీసిన బరువు. 5 గ్రాముల లోపు వాటికి బంగారం తూచే చిన్న కాటా మేలు, కానీ ఫ్యాను ఆపాలి, గాలికే అంకె ఊగుతుంది.

తూకం సరిగ్గా ఉన్నా నూరడంలో పోవచ్చు. నానబెట్టిన ఆవాల్ని చన్నీళ్లు, ఉప్పు, ఎండుమిర్చితో నూరాలి. గింజ నలిగి తడి తగిలాకే ఘాటు పుడుతుంది, వేడికి చచ్చిపోతుంది. మిక్సీ వేడెక్కితే ఆగి ఆగి తిప్పండి. పొయ్యి ఆపి, కూర గోరువెచ్చబడ్డాకే కలపండి.

ఆవకాయకి గ్లాసు లెక్క మరీ ప్రమాదం. కల్లుప్పు స్ఫటికాల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే గ్లాసుడు మెత్తటి ఉప్పు ఎక్కువ తూగుతుంది. ఒకదాని కొలతతో రెండోది వేస్తే ఉప్పుకషాయమో బూజో ఖాయం. కిలో ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి తలా 150 గ్రాములు తూచి వేస్తే ఏ ఉప్పైనా ఒకటే.

ఇంగువని మాత్రం తూచి లాభం లేదు. బజారులో దొరికే పొడిలో పిండి, జిగురు ఎంత కలిపారో కంపెనీ కంపెనీకీ తేడా. దానికి ముక్కే కాటా.