“ఈ కోడ్ మీ నాన్న రాశారా?”

నిన్ననే మా పిల్లల క్వాలిఫయర్, అంటే తర్వాతి స్థాయికి అర్హత పోటీ అయింది. కోపం ఇంకా చల్లారలేదు. డాలస్ దగ్గర మా కాలనీ పిల్లలతో ఎఫ్‌టీసీ, అంటే ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే పిల్లల రోబో పోటీకి టీమ్ పెట్టాం. నేనే కోచ్‌ని.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. ఇద్దరు పెద్దలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకోవాలి, టీమ్‌లో 15 మందికి మించి పిల్లలుండకూడదు. సెప్టెంబరులో ఆ ఏడాది ఆట ఏమిటో ప్రకటిస్తారు, అక్కణ్ణుంచి పరుగే. ఇన్‌స్పెక్షన్‌లో రోబో 18 అంగుళాల పెట్టెలో పట్టాలి. మావాళ్లది ఎక్కడా తగలకుండా పట్టేసింది.

మ్యాచ్ రెండున్నర నిమిషాలు. మొదటి 30 సెకన్లు పిల్లలు రిమోట్ ముట్టుకోకూడదు, రోబో కోడ్ ప్రకారం తనంతట తానే ఆడాలి, దీన్నే ఆటానమస్ అంటారు. గొడవంతా దాని దగ్గరే వచ్చింది.

పిట్‌లోకి, అంటే పోటీ రోజు మా టీమ్ రోబో పెట్టుకుని పనిచేసే చోటికి, వచ్చిన ఒక జడ్జి, కోడ్ రాసిన ఎనిమిదో తరగతి అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న: “ఇది మీ నాన్న రాశారా? ఆయన సాఫ్ట్‌వేరేనా?” ఆ పిల్ల మొహం కందిపోయింది. “ఆంటీ...” అంటూ నా వైపు చూసింది. జడ్జిలు అడిగినవాటికి పిల్లలే జవాబు చెప్పాలి, పెద్దలు కల్పించుకోకూడదు. పళ్లు బిగించుకుని నిలబడ్డాను. మన ఇంటిపేరు చూసి నాన్నను ఊహించుకునేవాళ్లు జడ్జి కుర్చీకి తగరు. ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది. మొదట్లో “రెండు సెకన్లు ముందుకు వెళ్లు” అని రాసుకున్నారట. బ్యాటరీ నిండుగా ఉంటే రోబో గీత దాటిపోయేది, కాస్త తగ్గితే గీతకు ముందే ఆగేది. ఆ కొలతలన్నీ తేదీలతో సహా పట్టిక వేసి ఉన్నాయి. అందుకని టైమ్ తీసేసి, చక్రం ఎంత తిరిగిందో ఎన్‌కోడర్ అనే సెన్సర్‌తో లెక్కపెట్టి ఆపేలా మార్చింది. మొదట గొంతు వణికింది, పట్టిక దగ్గరికి వచ్చేసరికి గడగడా చెప్పేసింది. జడ్జి ఇంకేమీ అడగలేదు. సారీ కూడా చెప్పలేదు.

సాయంత్రం అలయన్స్ సెలక్షన్‌లో, అంటే ఫైనల్ మ్యాచ్‌లకు పై టీమ్‌లు జోడీలను ఎంచుకునేటప్పుడు, ర్యాంకులో మాకన్నా పైనున్న టీమ్ మావాళ్లను ఏరి కోరి తీసుకుంది. మిగతా టీమ్‌ల ఆట గమనించి రాసుకున్న వాళ్ల స్కౌటింగ్ షీట్‌లో మా ఆటానమస్ పక్కన “నమ్మొచ్చు” అని రాసి ఉంది. ఆ పిల్లల కష్టానికి నేను గర్వపడుతున్నాను.

కొత్తగా టీమ్ పెట్టేవాళ్లకు ఒక్కటే చెబుతాను. టీమ్ చేసిన పని గురించి జడ్జిలకిచ్చే పోర్ట్‌ఫోలియో 15 పేజీలు దాటకూడదు, అది మెరిసేలా చేయడానికి రాత్రుళ్లు పాడుచేసుకోకండి. చెడిపోయిన ప్రయత్నాలను కూడా పిల్లల చేతే, వాళ్ల చేతిరాతతోనే, తేదీ వేసి రాయించండి. కోడ్ రాసిన పిల్లే దాన్ని వివరించాలి, మాటకారి పిల్లాడికి అప్పగించొద్దు. ఇక నాన్నలూ, దయచేసి లాప్‌టాప్ ముట్టుకోకండి. పక్క పిట్‌లో ఒకాయన మ్యాచ్‌కి మ్యాచ్‌కి మధ్య తానే కూర్చుని కోడ్ దిద్దుతుంటే కళ్లారా చూశాను. అలాంటివాళ్ల వల్లే మా అమ్మాయికి ఆ ప్రశ్న ఎదురైంది.