బిల్లు కౌంటర్ నుంచి స్టోరు రూము దాకా: నా అనుభవం

విశాఖలో హోటళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వడం నా పని. చాలాకాలం ఆ సాఫ్ట్‌వేర్ చేసింది ఇంతే: టేబుల్ ఓపెన్ చేయడం, ఆర్డరు కొట్టడం, కిచెన్‌కి కేఓటీ (ఆర్డరు చీటీ) పంపడం, బిల్లు తీయడం, రాత్రి కౌంటర్ మూసేటప్పుడు క్యాష్ ఎంత, యూపీఐ ఎంత, కార్డు ఎంత అని చూపించడం. దాన్నే స్టోరు, కొనుగోళ్లు, జీతాలు, పన్నులు, బ్రాంచీలు అన్నీ చూసుకునేలా ఎలా పెంచామో ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని తలపెట్టిన కుర్రాళ్లు ఈ ఊళ్లో నాకు తెలిసే కొందరున్నారు, వాళ్లకి పనికొస్తుందని.

బీచ్ రోడ్డుకి దగ్గర్లో చేపలు, రొయ్యల మీదే నడిచే హోటల్ ఒకటుంది. ఓనరు గారు ఓసారి మా రిపోర్టు ప్రింటు తీసి నా ముందు పెట్టారు. "అమ్మకం పోయినేటి కన్నా పెరిగిందని మీ కాయితమే చెప్తోంది కదండీ. మరి ఆ పెరిగిన డబ్బు ఎటు పోతోందండీ?" అని అడిగారు. బిల్లింగ్‌లో దానికి జవాబు దొరకదు. అమ్మింది దానికి తెలుసు, కొన్నది తెలీదు, వండేటప్పుడు పోయింది అసలే తెలీదు.

ముందు అకౌంట్లు పెట్టమని చాలామంది చెప్పారు. నేను స్టోరుతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టాను. అకౌంట్లకి ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఆడిటర్ గారున్నారు. స్టోరుకి ఉన్నదల్లా ఒక నోటుపుస్తకం, స్టోర్‌కీపర్ జ్ఞాపకశక్తి. హోటల్లో డబ్బు కనపడకుండా పోయేది అక్కడే అని నా నమ్మకం, ఇప్పటికీ అదే మాట అంటాను.

స్టాకు విషయంలో ఒక నియమం పెట్టుకున్నాం. బియ్యం ఎంత ఉంది అన్న అంకెని ఎక్కడా దాచి, దాన్నే మారుస్తూ పోకూడదు. కొన్నది, కిచెన్‌కి ఇచ్చింది, పాడైపోయింది, బ్రాంచికి పంపింది, లెక్కపెట్టినప్పుడు తేడా వచ్చింది, ప్రతిదీ ఒక ఎంట్రీ. నిల్వ అంటే ఆ ఎంట్రీలన్నీ కూడితే వచ్చేదే. ఏ ఎంట్రీనీ చెరపనివ్వం, తప్పు పడితే దానికి ఎదురు ఎంట్రీ వేయాలి. ఇలా ఉంటేనే నెల తర్వాత కూడా "పదో తారీఖున ఏం జరిగింది" అని వెనక్కి వెళ్లి చూడగలం.

కొలతల దగ్గర చాలా ఓపిక కావాలి. నూనె టిన్ను అంటే 15 లీటర్లదీ వస్తుంది, 15 కిలోలదీ వస్తుంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి 15 లీటర్ల టిన్నులో ఉండేది పదమూడున్నర కిలోల పైచిలుకు మాత్రమే. రెండింటినీ ఒకే 'టిన్ను'గా రాస్తే టిన్నుకి కిలోంబావుకి పైగా నూనె కాగితం మీదే ఆవిరైపోతుంది. అందుకని ప్రతి సరుకుకీ కొనే కొలత వేరు, వాడే కొలత వేరు, మధ్యలో మార్పిడి. కొత్తిమీర, కరివేపాకుల్ని మాత్రం ఈ లెక్కలోంచి తప్పించాం. పూర్ణా మార్కెట్ నుంచి కట్టల్లో వచ్చేదాన్ని గ్రాముల్లో తూచమంటే ఏ వంటమనిషీ తూచడు. వాటికి రోజుకి ఇన్ని రూపాయలు అని రాసుకుంటే చాలు. ఏది తూచాలో, ఏది వదిలేయాలో తేల్చుకోకపోతే ఈ సాఫ్ట్‌వేర్ వారం తిరక్కుండానే మూలపడుతుంది.

ఇక చేప. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన వంజరాన్ని కిచెన్ వెనక కోస్తుంటే తూకం పక్కన నిలబడ్డాను. కిలోకి ఎన్ని ముక్కలొస్తాయి మాస్టారూ అని వంట మాస్టారుని అడిగితే ఆయన కత్తి ఆపకుండానే, "ఏ కిలో బాబూ, కొన్నదా, కోసిందా?" అన్నారు. రెసిపీల భాగం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే కట్టాం. కిలో 700 చొప్పున పది కిలోలు కొంటే 7,000. తల, తోక, పొట్ట పోగా ఏడు కిలోల ముక్కలు తేలాయనుకోండి, ముక్కల కిలో మనకి పడింది 1,000. వేపుడు ధర 700 లెక్కన వేస్తే ప్లేటు ప్లేటుకీ నష్టమే, అమ్మకం పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. పోనీ అంతా తరుగేనా అంటే, తలకాయ పులుసుకి పోతుంది, కాబట్టి ఖర్చులో దాని వాటా దానికి వేయాలి. చేప చిన్నదైతే తరుగు ఎక్కువ. రొయ్యకి తల, పొట్టు తీసేసరికి సగానికి దగ్గరగా పోతుంది. ఇవన్నీ మాస్టారుకి చేతివేళ్ల మీద ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లో ఒక్కటీ లేదు. ఆయన పక్కన కూర్చుని ఒక్కో వంటకమే రాయించుకున్నాం.

ధర కూడా నిలకడగా ఉండదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకి వేట నిషేధం. ఆ 61 రోజులూ చేప ధర ఎగబాకుతుంది, మెనూ కార్డు మీద ధర మాత్రం జనవరిలో అచ్చేసిందే. ఇప్పుడు కొత్త కొనుగోలు ఎంట్రీ పడగానే ఆ చేపతో చేసే ప్రతి వంటకం ఖర్చూ మళ్లీ లెక్కవుతుంది, లాభం గీత దాటి కిందికి పడినవి ఎర్రగా కనిపిస్తాయి. ఓనరు గారి ప్రశ్నకి సగం జవాబు ఆ ఎర్ర వరుసల్లోనే దొరికింది. వంజరం, చందువ వంటకాలకి మెనూలో అంకె తీసేసి 'ఈ రోజు ధర' అని వేయించారు.

బిల్లుల ప్రకారం ఖర్చవ్వాల్సిన సరుకు ఒక పక్క, స్టోరులో లెక్కపెడితే నిజంగా ఖర్చైంది ఒక పక్క పెట్టి తేడా చూపించే రిపోర్టు వచ్చినప్పుడు కిచెన్‌లో మొహాలు మారాయి. దొంగల్ని పట్టడానికే ఇది అనుకున్నారు. ఆ అనుమానం సహజం. ఈ రిపోర్టు ముందు మాస్టారు, స్టోర్‌కీపర్ చూడాలి, రెసిపీలు సరిదిద్దాక గానీ ఎవరినీ ఏమీ అనకూడదు అని ఓనరు గారిని బతిమాలి ఒప్పించాను. తీరా చూస్తే తేడాల్లో ఎక్కువ భాగం స్టాఫ్ భోజనాలు, కింద పడ్డవి, తిప్పి పంపిన ప్లేట్లు. వాటికి ఒక్కో బటన్ ఇచ్చాం. ఎవరి జీతంలోనూ కోత పడలేదు, నాకు అదే చాలా సంతోషం.

ఎంట్రీలు వేసేది కిచెన్, స్టోరు వాళ్లే కాబట్టి అన్నీ తెలుగులో ఉండాలనుకున్నాను. స్క్రీన్ మీద తెలుగు సులువే. చీటీ మీద కాదు. చాలా థర్మల్ ప్రింటర్లలో ఉండే అక్షరాల పట్టికల్లో తెలుగు ఉండదు, నేరుగా పంపితే చెత్త గుర్తులు పడతాయి. అందుకని చీటీని ముందు బొమ్మగా గీసి, అంగుళానికి 203 చుక్కలు వేసే ప్రింటర్‌కి అడ్డంగా 576 చుక్కల వెడల్పుతో పంపాం. ఒత్తులు అక్షరం కింద సరిగ్గా కూర్చున్నాయా, 'బొమ్మిడాయిల'లో మ వత్తు పై గీతకి తగలట్లేదు కదా అని కళ్లు చికిలించుకుని చూసుకున్నాం. ఇంగ్లీషు చదవలేక పక్కవాణ్ణి అడిగే హెల్పర్ ఇప్పుడు తన చీటీ తానే చదువుకుంటున్నాడు.

పన్నుల్లో లెక్కని చిక్కుపెట్టేవి ఆన్‌లైన్ ఆర్డర్లు. మామూలు రెస్టారెంట్లకి 2017 నవంబరు 15 నుంచి 5 శాతం జీఎస్టీ, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీద కట్టిన పన్నుని మనం కట్టేదాంట్లోంచి తగ్గించుకోవడం) లేదు. అంటే సరుకు మీద కట్టిన పన్ను కూడా మన ఖర్చులో భాగమే. 2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద పన్ను 12 నుంచి 5కి తగ్గితే, ఆ రోజు నుంచి నేతి వంటకాల ఖర్చు కూడా మారాలి. కాబట్టి ప్రతి రేటు పక్కనా అది అమల్లోకి వచ్చిన తేదీ ఉండి తీరాలి. స్విగ్గీ, జొమాటోల ద్వారా పోయిన అమ్మకానికి 2022 జనవరి 1 నుంచి పన్ను కట్టేది ఆ కంపెనీలే. ఒకే బిర్యానీ టేబుల్ మీద తింటే ఒక గడిలోకి, యాప్‌లో పోతే జీఎస్టీఆర్-3బీ అనే రిటర్ను ఫారంలో 3.1.1 గడిలోకి వెళ్తుంది. పైగా బ్యాంకులో పడేది కమీషను, దాని మీద 18 శాతం జీఎస్టీ, డిస్కౌంట్లలో మన వాటా, టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) అన్నీ పోగా మిగిలింది. ఆ సెటిల్‌మెంట్ ఫైలుని ఆర్డరు వారీగా మన బిల్లులతో కలిపి చూపించాం. ఓనరు గారి ప్రశ్నకి మిగతా సగం జవాబు అక్కడుంది.

మధురవాడలో రెండో బ్రాంచి తెరిచాక బిల్లు నంబర్ల సంగతి వచ్చింది. జీఎస్టీ బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో రెండుసార్లు రాకూడదు. నెట్ పోయినా కౌంటర్ ఆగకూడదు. కాబట్టి ప్రతి కౌంటర్‌కీ సొంత అక్షరాలతో సొంత వరుస ఇచ్చాం, నెట్ వచ్చాక అన్నీ కలుస్తాయి. రాత్రి పన్నెండు దాటాక కొట్టిన బిల్లు హోటల్ లెక్కలో నిన్నటి అమ్మకమే, జీఎస్టీకి మాత్రం ఈ రోజుది. మార్చి 31 రాత్రి అయితే అదే షిఫ్టులో పాత సంవత్సరం వరుస ముగిసి కొత్తది మొదలవ్వాలి. రెండు తేదీలూ విడివిడిగా దాచాం కాబట్టి ఆ రాత్రి ఇబ్బంది లేకుండా గడిచిపోయింది.

జీతాలది పెద్ద కథ కాదు. హాజరు, ఈఎస్‌ఐ, పీఎఫ్ లెక్కలు ఎవరైనా రాయగలరు. అసలు చూసుకోవాల్సింది అడ్వాన్సులు. పండక్కి ఊరెళ్తూ తీసుకున్నది, అమ్మకి బాగోలేదని తీసుకున్నది, ఏ నెల ఎంత పట్టుకోవాలో ఓనరూ మనిషీ మాట్లాడుకుని రాసుకునేలా పెట్టాం, ఇంకా తీరాల్సింది ఎంతో అతని ఫోన్‌లో అతనికీ కనపడుతుంది.

ఇప్పుడు కార్తీకమాసం లెక్క మీద పనిచేస్తున్నాను. ఆ నెలలో మాంసం, చేపలు తినేవాళ్లు తగ్గిపోతారు, శాకాహారం ఆర్డర్లు పెరుగుతాయి. పండగలు తిథుల ప్రకారం వస్తాయి, మా కొనుగోలు అంచనా మాత్రం పోయినేడు ఇదే తారీఖు చూసి చికెన్ ఎంత తెప్పించాలో చెబుతోంది. పంచాంగాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాం.