గడ్డి మిషన్ ఇంజనుతో విమానం: బెంగళూరులో పిల్లల్ని పెంచే తెలుగువాళ్ళకి

"తాతయ్య మూలన పడేసిన గడ్డి కోసే మిషన్ ఇంజను నాకిస్తానంటేనే ఊరొస్తా" అంది మా అమ్మాయి. ఎనిమిదో తరగతి. వేసవికి తెనాలి వైపు రమ్మంటే ఎండలనీ దోమలనీ తప్పించుకునే పిల్ల షరతు పెట్టి మరీ వస్తానంది. ఆ ఇంజన్ని పెద్ద మోడల్ విమానానికి బిగించాలని తన ఆలోచన. బ్యాటరీ మోటరు కొనిస్తానన్నా వద్దంది. నేను సరేనన్నాను. తెలుగులో మాట్లాడు, తెలుగులో మాట్లాడు అని పొద్దస్తమానం వెంటపడేకన్నా, చేతికి స్పానరిచ్చి తాతయ్య పక్కన కూర్చోబెడితే భాష దానంతటదే వస్తుందని నా గట్టి నమ్మకం. కానీ ఇది పెట్రోలుతో, తిరిగే ఫ్యానుతో పని. పిల్లల చేతికి ఇచ్చే ముందు పెద్దవాళ్ళకి తెలిసుండాల్సినవి చాలా ఉన్నాయి.

ముందు ఇంజను మీద రాసున్న నంబరు చూడండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి టూ స్ట్రోక్ 1ఈ40ఎఫ్, 1ఈ44ఎఫ్ రకాలు. 40, 44 అంటే బోరు, అంటే సిలిండర్ లోపలి అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. రెంటికీ స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 34. లెక్క వేస్తే 42.7 సీసీ, 51.7 సీసీ వస్తాయి. వాటినే 43, 52 అని అమ్ముతారు. ఆ లెక్క పిల్లల చేతే వేయించండి. 35.8 సీసీ జీఎక్స్35 లాంటి ఫోర్ స్ట్రోకులు మొదటిసారికి వద్దు, అదే బరువుకి బలం తక్కువ. కార్బొరేటరు డయాఫ్రమ్ (కదిలే పలచటి పొర) రకమై ఉండాలి. అప్పుడే విమానం తలకిందులైనా పెట్రోలు అందుతుంది. పాత మిషన్లో డయాఫ్రమ్ రేకులా బిగుసుకుపోయి ఉంటుంది. రిపేరు కిట్ ఖరీదు తక్కువే, ఆలోచించకుండా మార్చేయండి.

విప్పేటప్పుడు ట్యాంకు, తాడు లాగే స్టార్టరు, ప్లాస్టిక్ కవర్లు, క్లచ్ అన్నీ తీసేయాలి. క్లచ్ బోల్టులు విప్పడానికి పిస్టన్ని ఆపాలి కదా, చాలామంది ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెడతారు. పిస్టన్ తల పాడవుతుంది. మెత్తటి నైలాన్ తాడు కాస్త లోపలికి దూర్చండి, చాలు. ఫ్లైవీల్ (అయస్కాంతం ఉండే చక్రం) రావడం లేదని క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) కొన మీద సుత్తితో కొట్టకండి. ఈ క్రాంకులు ప్రెస్ చేసి కూర్చిన ముక్కలు. ఒక్క దెబ్బకి వంకర పోతాయి, ఆ తర్వాత ఎంత బ్యాలెన్స్ చేసినా అదురు తగ్గదు. పుల్లర్ వాడాలి. ఫ్లైవీల్ కింద ఉన్న చిన్న కీ పారేయొద్దు, ఇగ్నిషన్ టైమింగ్ దాని మీదే ఉంది.

ఫ్లైవీల్ మీది గాలి రెక్కలు ఇక అక్కర్లేదు, ప్రొపెల్లర్ గాలే సిలిండర్ని చల్లబరుస్తుంది. పీణ్యలో లేత్ షాపులకి కొదవ లేదు, రెక్కలు చెక్కించేయొచ్చు. అయితే అయస్కాంతానికి ఎదురుగా ఉన్న బరువుని, అంచునీ ముట్టుకోకూడదు. అంచు పలచబడితే ఏడు వేల ఆర్పీఎం దగ్గర అయస్కాంతం ఊడి బుల్లెట్లా వస్తుంది. బరువు మరీ తగ్గించినా ఇబ్బందే, ఐడిల్ నిలవదు. ప్రొపెల్లర్ హబ్ అల్యూమినియం 6061తో, క్రాంకు టేపర్‌కి సరిగ్గా కూర్చునేలా చేయించండి. బిగించాక డయల్ గేజ్‌తో చూస్తే ఊగు 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి. అక్కడ మేస్త్రితో కన్నడలో కొలతలు మాట్లాడేది మా పిల్లే, నేను పక్కన నిలబడతాను.

కాయిల్ (ప్లగ్‌కి కరెంటు పుట్టించే చుట్ట) దూరం పెట్టడం మాత్రం పూర్తిగా పిల్లలకి వదిలేయొచ్చు. కాయిల్ స్క్రూలు రెండూ వదులు చేసి, అయస్కాంతం కాయిల్ కిందికి వచ్చేలా ఫ్లైవీల్ తిప్పాలి. మధ్యలో విజిటింగ్ కార్డు పెట్టాలి. దాని మందం దాదాపు 0.3 మిల్లీమీటరు, కావలసిందీ అంతే. అయస్కాంతం కాయిల్‌ని తనంతట తనే కార్డు మీదికి లాక్కుంటుంది. అలాగే స్క్రూలు బిగించి, ఫ్లైవీల్ తిప్పుతూ కార్డు లాగేయాలి. ఎక్కడా రాసుకోకుండా తిరిగితే పని అయినట్టే. ఆ టక్కుమనే లాగుడు చేతికి తెలిసిన పిల్లకి అయస్కాంతం పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు.

అన్నీ సరిగా ఉన్నా ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోతే, చాలాసార్లు తప్పు గ్యాస్కెట్‌లో ఉంటుంది. కార్బొరేటరుకీ సిలిండర్‌కీ మధ్య చిన్న పల్స్ రంధ్రం ఒకటుంది. క్రాంక్‌కేసులో ఒత్తిడి మారినప్పుడల్లా ఆ రంధ్రం ద్వారా డయాఫ్రమ్ కదిలి పెట్రోలు పంపు చేస్తుంది. గ్యాస్కెట్ తిప్పి పెడితే అది మూసుకుపోతుంది. ఇంకోటి, డయాఫ్రమ్ మూత మీద గాలి రంధ్రానికి ప్రొపెల్లర్ గాలి నేరుగా తగిలితే నేల మీద బాగా నడిచిన ఇంజను గాల్లో మిక్చర్ మారి ఇబ్బంది పెడుతుంది. మూతకి చిన్న ఇత్తడి గొట్టం అతికించి గాలి తగలని చోటికి తిప్పాలి.

ఇంజను మౌంటు వెనక 10–12 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్, టీ నట్లు (చెక్కలో దిగేవి), బోల్టులకి లాక్‌టైట్ (వదులవకుండా పట్టే జిగురు). సైలెన్సర్ బోల్టులకి మామూలు లాక్‌టైట్ ఆ వేడికి ఆగదు, లాక్ వాషర్లు వేయాలి. ట్యాంకులో సిలికాన్ గొట్టం వాడితే పెట్రోలుకి ఉబ్బిపోతుంది. టైగాన్ లేదా వైటన్ గొట్టం తీసుకోండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఎక్కువ కాబట్టి ఎగరేసిన రోజే ట్యాంకూ కార్బొరేటరూ ఖాళీ చేయాలి. ఆయిలు మొదట్లో లీటరుకి 40 మిల్లీలీటర్లు, ఇంజను కుదురుకున్నాక మంచి సింథటిక్ అయితే 25. ప్రొపెల్లర్ 43 సీసీకి 20x8 లేదా 20x10 బీచ్ చెక్క, 52కి 22x8. మొదటి అంకె పొడవు, రెండోది ఒక చుట్టుకి ముందుకెళ్ళే దూరం, అంగుళాల్లో. చెక్క నొక్కుకుపోతుంది కనుక ప్రతి ఎగురుడుకీ ముందు బోల్టులు మళ్ళీ బిగించాలి. ప్రొపెల్లర్ అవుట్‌పుట్ వైపే (క్లచ్ ఉన్న వైపు) ఉంటే మామూలుది సరిపోతుంది, స్టార్టర్ వైపు పెడితే పుషర్ (ఎదురు దిశలో తిరిగేది) కావాలి. థ్రాటిల్ కడ్డీ నైలాన్‌దై ఉండాలి, లోహమైతే ఇగ్నిషన్ కరెంటు అలజడి సర్వో (థ్రాటిల్ కదిపే చిన్న మోటరు) దాకా పాకుతుంది. రేడియోతో ఇంజను ఆపే కిల్ స్విచ్ లేకుండా స్టార్ట్ చేయకండి.

బెంగళూరు, తెనాలి తేడా ఇక్కడ గట్టిగా తగులుతుంది. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి దాదాపు పదో వంతు పలచన. ఇక్కడ హెచ్ సూదిని (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు ఎంత అందాలో కుదిర్చే కార్బొరేటరు స్క్రూ) సరిగ్గా కుదిర్చిన ఇంజన్ని అలాగే తెనాలి తీసుకెళ్ళి ఫుల్ థ్రాటిల్ ఇస్తే, అక్కడి చిక్కటి గాలికి పెట్రోలు చాలదు, పిస్టన్ పట్టేస్తుంది. ఊళ్ళో దిగగానే హెచ్ సూదిని ఎనిమిదో వంతు తిప్పు తెరిచి, అప్పుడు వినుకుంటూ సరిచేయాలి. తాతయ్య అక్కడ ట్యూన్ చేసి పంపితే ఇక్కడ పొగ కక్కుతుంది, అంతకన్నా నష్టం లేదు.

స్టార్ట్ చేయడం పెద్దవాళ్ళ పని. మ్యాగ్నెటో ఇంజను, అంటే ఇలా అయస్కాంతంతో ప్లగ్ వెలిగించేది, వెనక్కి తన్నుతుంది. వేళ్ళతో కాదు, రబ్బరు తొడిగిన కర్రతో తిప్పాలి. తోక ఇంకొకరు పట్టుకోవాలి. పిల్లలు ప్రొపెల్లర్ వెనక నిలబడాలి, దాని పక్కన ఎప్పుడూ వద్దు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, బేస్‌మెంట్‌లో అసలే వద్దు.

నా ఆలోచన ఆగిపోయేది దీని తర్వాత. ఈ విమానం ఎనిమిది తొమ్మిది కేజీలు తూగుతుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 25 కేజీల లోపు మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ (ఆ రకానికి ప్రభుత్వ ఆమోదం) అక్కర్లేదు గానీ, రెండు కేజీలు దాటినదాన్ని ఎగరేసేవాళ్ళకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి, దానికి 18 ఏళ్ళు నిండాలి. పైగా ఇక్కడ దేవనహళ్ళి, హెచ్ఏఎల్, యలహంక, జక్కూరు అన్నిచోట్లా రన్‌వేలే. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులు దాటకూడదు, అంతకన్నా దగ్గరైతే నేల మీంచే అనుమతి కావాలి. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా బయల్దేరలేం. ప్రతి బోల్టూ తనే బిగించిన పిల్లని, రిమోట్ ఇంకొకరికిచ్చి చూస్తూ నిలబడమనాలి. పద్దెనిమిది వచ్చేదాకా ఈ ఆసక్తి ఉంటుందా? లేక ఇంజను చేతికొచ్చాక మళ్ళీ ఊరు అక్కర్లేదంటుందా? నాకు తేలలేదు. ప్రస్తుతానికి స్టిక్ మీద చేయి కుదరడానికి రెండు కేజీల లోపు బ్యాటరీ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ విమానం) ఒకటి కొంటున్నాం, ఆమె వద్దన్నదే.