తెల్ల బెల్టు ఆంటీ

మావాణ్ణి కరాటే క్లాసులో దింపి బయట ఫోన్ చూసుకుంటూ కూర్చునేదాన్ని, ఈ నెల నుంచి నేనూ చేరిపోయాను. మొదటి రోజు బెల్టు ముడి వేసుకోవడమే రాలేదు. పక్కనున్న ఎనిమిదేళ్ల పాప "ఆంటీ, రెండు చివర్లూ సమానంగా రావాలి" అంటూ కట్టిపెట్టింది. ఇచి, ని, సాన్ అని జపనీస్‌లో లెక్కపెడుతూ గాల్లో గుద్దడం సరే గానీ, కిబా దాచి అని గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి నిలబడమంటారు చూడండి, నిమిషానికే తొడలు వణికిపోయాయి. హెయాన్ షోదాన్ అనే కటాలో (వరుస తప్పకుండా చేయాల్సిన కదలికల కూర్పు) ఉన్నవి 21 కదలికలే, నాకు నాలుగో దాని దగ్గరే కుడీ ఎడమా కలిసిపోతాయి. అన్నిటికంటే కష్టం అందరి ముందూ "కియాయ్" అని అరవడం (ఇంట్లో అరిచినంత సులువు కాదు). నిన్న మాత్రం గొంతు బాగానే లేచింది, మావాడే సిగ్గుతో తల దించుకున్నాడు.